ప్రార్థన చేసే చేతులు బ్రేకు ఆయిల్ కూడా చూడాలి



2024 అక్టోబర్ 11, శుక్రవారం. తమిళనాడులో ఆ రోజు ఆయుధ పూజ. సాయంత్రం ఐదున్నర దాటాక తిరుచిరాపల్లి నుంచి షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఒకటి లేచింది. అందులో 141 మంది ప్రయాణికులు. లేచిన కొద్దిసేపటికే హైడ్రాలిక్ వ్యవస్థలో లోపం వచ్చిందని పైలట్లకు తెలిసింది. షార్జా వెళ్ళడం కుదరదు, వెంటనే కిందికి దిగడమూ కుదరదు. విమానం ఆ చుట్టుపక్కలే రెండు గంటలకు పైగా తిరిగింది. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. రాత్రి ఎనిమిదింపావు ప్రాంతంలో అది అదే ఊళ్ళో క్షేమంగా దిగింది. ఒక్కరికి కూడా దెబ్బ తగలలేదు.

అద్భుతం జరిగిందని చాలామంది అన్నారు. దేవునికి కృతజ్ఞత చెల్లించడంలో నేనూ వెనుకాడను. కానీ ఆ రెండు గంటలు విమానం లోపలా, నేలమీదా మనుషులు ఏమి చేశారో తెలుసుకోకుండా "అద్భుతం" అనేసి పక్కకు వెళ్ళిపోతే మనకే నష్టం. ఎందుకంటే మన బళ్ళలో ఉన్నదీ అదే హైడ్రాలిక్. మన పిల్లలు ఎక్కేదీ ఆ బళ్ళే. ఈ సంగతి గురించి ఈ రోజు కాస్త విపులంగా మాట్లాడుకుందాం.

హైడ్రాలిక్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి విమానాశ్రయం దాకా పోనక్కరలేదు. మన ఊళ్ళ నుంచి విజయవాడ హైవే మీద హైదరాబాద్ వెళ్ళేవారు ఎల్బీ నగర్ చేరకముందే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ చూస్తారు. లారీలు, టిప్పర్లు బారులు తీరి ఉంటాయి. టిప్పర్ తొట్టిని పైకి లేపే జాకీ హైడ్రాలిక్. జేసీబీ చేయి లేచేదీ, వంగేదీ హైడ్రాలిక్ తోనే. ఎల్బీ నగర్ కూడలిలో, బైరామల్‌గూడలో ఫ్లైఓవర్లు కడుతున్నప్పుడు ఆ దుమ్ములో బస్సు కోసం నిలబడినవారికి ఆ యంత్రాలు బాగా తెలుసు. మీ కారులో, మీ టాటా ఏస్‌లో, మీ ఆటోలో బ్రేకు కూడా అంతే. కాలితో పెడల్ తొక్కితే గొట్టంలోని ఆయిల్ ఆ ఒత్తిడిని చక్రం దాకా మోసుకుపోతుంది.

మూసి ఉన్న గొట్టంలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుంది. ఈ నియమాన్ని చెప్పినవాడు పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు బ్లేజ్ పాస్కల్. ఆయన గొప్ప దైవభక్తుడు కూడా. 1654లో ఒక రాత్రి తనకు కలిగిన దైవానుభవాన్ని కాగితం మీద రాసుకుని, కోటు లోపల కుట్టుకుని, చనిపోయేదాకా తన వెంట ఉంచుకున్నాడు. భక్తి, లెక్క రెండూ ఒకే కోటులో పట్టాయి. అవి రెండూ ఒకదానికొకటి శత్రువులని మనకు ఎవరు నేర్పారో గాని, పాస్కల్ మాత్రం నేర్పలేదు.

ఇక విమానం సంగతి. కారు టైరులో గాలి ఒత్తిడి 30 పౌండ్ల చుట్టూ ఉంటుంది. బోయింగ్ 737 హైడ్రాలిక్ గొట్టాల్లో అది 3000. అంటే నూరు రెట్లు. చక్రాలు దించేదీ ఎత్తేదీ, రెక్కల వెనక ఫ్లాపులు చాపేదీ, తోకను తిప్పేదీ, నేలమీద బ్రేకులు వేసేదీ ఆ ఒత్తిడే. అంత పని ఒకే గొట్టం మీద పెట్టకూడదు గనుక 737లో రెండు ప్రధాన వ్యవస్థలు పెట్టారు. వాటిని ఎ, బి అంటారు. వాటికి తోడు అత్యవసరానికి మూడోది ఒకటి. ఆ రెండూ పోయినా పైలట్లు చేతి బలంతో తీగల ద్వారా విమానాన్ని తిప్పగలిగే ఏర్పాటు కూడా ఉంది. బరువుగా ఉంటుంది గాని తిరుగుతుంది. కారులో బ్రేకు ఆయిల్‌కు రెండు దారులు పెట్టడం కూడా ఇందుకే. ఒకటి కారిపోయినా రెండోది కొంతైనా ఆపుతుంది.

ఇప్పుడు విమానం దిగడానికి కిందికి వస్తున్నప్పుడే హైడ్రాలిక్ పోయిందనుకోండి. ఎదురుగా రన్‌వే దీపాలు కనబడుతున్నాయి. ఇంకో రెండు మూడు నిమిషాలైతే నేల. మీరైతే ఏమి చేస్తారు? ఎలాగోలా దించేద్దాం అనిపిస్తుంది. కానీ మంటల్లాంటి, ఒక్క క్షణం కూడా ఆగని ప్రమాదమైతే తప్ప, పైలట్లకు నేర్పేది దానికి సరిగ్గా ఎదురు. దిగడం ఆపు. ఇంజన్లకు శక్తి ఇచ్చి మళ్ళీ పైకి వెళ్ళు. క్షేమమైన ఎత్తులో నిలకడగా ఎగురు. తరువాత సమస్య చూడు.

పైకి వెళ్ళాక పని ఇద్దరూ పంచుకుంటారు. ఒకరు విమానం నడపడం మీదే మనసు పెడతారు. రెండోవారు పుస్తకం తెరిచి ఆ లోపానికి రాసిపెట్టిన వరుస పైకి చదువుతారు. ఎంత అనుభవం ఉన్నా నోటికొచ్చినట్టు చేయరు. ఒక ముఖ్యమైన స్విచ్ ముట్టుకునే ముందు ఇద్దరూ చూసి ఇదేనని ఒప్పుకుంటారు. కింద ఉన్న కంట్రోల్ వారికి నిజం చెబుతారు. ఏమైంది, ఎంత ఇంధనం ఉంది, లోపల ఎంతమంది ఉన్నారు అన్నీ చెబుతారు. సిగ్గుపడరు, దాచరు.

తరువాత దిగడానికి సిద్ధపాటు మొదలవుతుంది. ఎ వ్యవస్థ పోతే చక్రాలు దానంతట అవి దిగవు. కాక్‌పిట్‌లో నేల దగ్గర ఉన్న పిడులు లాగి కొక్కేలు విడిపిస్తే చక్రాలు తమ బరువుకే కిందికి జారి బిగుసుకుంటాయి. ఇక వాటిని మళ్ళీ పైకి ఎత్తడం కుదరదు. అందుకని ఆ పిడి ఎప్పుడు లాగాలో ముందే ఆలోచించుకోవాలి. బి వ్యవస్థ పోతే ఫ్లాపులు విద్యుత్ మోటారుతో చాపాలి. అది నిమిషాల పని. ఫ్లాపులు పూర్తిగా రాకపోతే విమానం మామూలు కంటే వేగంగా దిగాలి. వేగం పెరిగితే ఆగడానికి ఎక్కువ నేల కావాలి. బరువు ఎక్కువైతే ఇంకా ఎక్కువ నేల కావాలి. దిగాక ముందు చక్రం తిప్పే శక్తి లేకపోతే రన్‌వే మీదే నిలబడి, లాగుకుపోయే బండి కోసం వేచి ఉండాలి. బ్రేకులు కాగి ఉంటాయి. ఆయిల్ కారుతూ ఉండవచ్చు. ఫైరింజన్ వారు చుట్టూ చూసి సరే అనాలి. ఈ లెక్కలన్నీ గాలిలోనే, నేల తగలకముందే ముగించుకోవాలి.

తిరుచ్చి విమానంలో లోపం కనబడింది లేచిన వెంటనే. కాబట్టి షార్జా దాకా సరిపోయే ఇంధనం దాదాపు అంతా ట్యాంకుల్లోనే ఉంది. 737 రకం విమానాలకు ఇంధనాన్ని గాలిలో వదిలేసే వీలు లేదు. 737-800 గరిష్ఠంగా 79 టన్నులతో లేవగలదు, దిగేటప్పుడు మాత్రం సుమారు 66 టన్నులు మించకూడదు. తిరుచ్చి రన్‌వే పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. మన శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. ఆ తేడా చూడండి. అందుకే కెప్టెన్ ఇక్రోమ్ రిఫాద్లీ ఫాహ్మీ జైనాల్, కో పైలట్ మైత్రేయి షితోలే గిరగిరా తిరుగుతూ ఇంధనం కాల్చి బరువు తగ్గించుకున్నారు. కింద విమానాశ్రయం వారు అంబులెన్సులను, ఫైరింజన్లను వరుసగా నిలబెట్టి ఉంచారు. పైలట్లు ఎమర్జెన్సీ ప్రకటించలేదనీ, ముందు జాగ్రత్త కోసమే అలా తిరిగారనీ తరువాత ఎయిర్‌లైన్ చెప్పింది. పేరు ఏదైనా పెట్టండి. రెండు గంటలు తొందరపడకుండా ఉండటమే ఆ సాయంత్రం జరిగిన పెద్ద పని.

ఇది చదువుతుంటే మీకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం గుర్తు రాలేదా? పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఎవరి ప్రాణానికీ హాని కలగదని దూత ద్వారా పౌలుకు మాట దొరికింది. మాట దొరికింది గదా అని అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారా? లేదు. నీటి లోతు కొలిచారు. కాసేపాగి మళ్ళీ కొలిచారు. లోతు తగ్గుతున్నదని చూసి, చీకట్లో రాళ్ళకు కొట్టుకోకుండా వెనకవైపు నాలుగు లంగర్లు వేసి తెల్లవారేదాకా ఆగారు. ఓడ నడపడం తెలిసినవారు పడవ దించుకుని పారిపోబోతే, వాళ్ళు ఓడలో ఉండకపోతే మీరు బ్రతకలేరని పౌలే శతాధిపతికి చెప్పాడు. చూశారా, దూత మాట విన్న మనిషికి కూడా పని తెలిసిన నావికులు కావాలి. అందరినీ తిండి తినమన్నాడు. ఆ తరువాత గోధుమలు సముద్రంలో పారబోసి ఓడ తేలిక చేశారు. తిరుచ్చి మీద తిరిగిన విమానం చేసింది కూడా అదే. బరువు తగ్గించుకోవడం, ఆగడం, సరైన వేళకు దిగడం.

"అయ్యగారూ, మరి అన్ని విమానాలూ అలా దిగలేదు గదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దాన్ని తప్పించుకుని పోను.

1989 జులై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో తోక దగ్గరి ఇంజన్ పగిలింది. ఆ ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థల గొట్టాలనూ కోసేశాయి. ఒక్క చుక్క ఒత్తిడి మిగలలేదు. అలాంటి పరిస్థితికి పుస్తకంలో వరుస కూడా లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సిబ్బంది, ప్రయాణికుడిగా వచ్చిన శిక్షణ పైలట్ డెన్నిస్ ఫిచ్ కలిసి మిగిలిన రెండు ఇంజన్ల శక్తిని ఒకదాన్ని పెంచుతూ ఒకదాన్ని తగ్గిస్తూ 44 నిమిషాలు దాన్ని గాలిలో నిలబెట్టారు. చివరికి సూ సిటీ అనే ఊళ్ళో దిగబోతూ విమానం ముక్కలైంది. 296 మందిలో 112 మంది చనిపోయారు. 184 మంది బ్రతికారు.

బ్రతికినవారి ఇళ్ళలో దేవుడు ఉన్నాడనీ, చనిపోయినవారి ఇళ్ళలో లేడనీ చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరూ అలా చెప్పకూడదు. అయితే 184 మంది ఎలా మిగిలారో చెప్పవచ్చు. కెప్టెన్ హేన్స్ ఆ తరువాత ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ఐదు సంగతులు చెప్పారు: అదృష్టం, మాట పంచుకోవడం, సిద్ధపాటు, ఆ సిద్ధపాటును అమలు చేయడం, సహకారం. మొదటిదాన్ని ఆయన అదృష్టం అన్నారు, మనం కృప అంటాం. మిగతా నాలుగూ మనుషుల చేతిలోవే. ఆ ఊరి వారు రెండేళ్ళ ముందే, 1987లో, తమ విమానాశ్రయానికి మామూలుగా రాని పెద్ద విమానం కూలితే ఏమి చేయాలో అభ్యాసం చేసి ఉన్నారు. రాని విమానం కోసం అభ్యాసమా అని అప్పుడు ఎవరైనా నవ్వి ఉంటే, ఆ జులై సాయంత్రం వారు నవ్వి ఉండరు.

ఆ ఇంజన్ ఎందుకు పగిలింది? లోపలి టైటానియం చక్రంలో తయారీనాడే చేరిన చిన్న లోపం పగులుగా పెరిగింది. తనిఖీల్లో దాన్ని కళ్ళు పట్టుకోలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1985 ఆగస్టు 12న, జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానంలో 524 మందికి గాను 520 మంది చనిపోయారు. 1978లో దాని తోక నేలకు రాసుకున్నప్పుడు చేసిన మరమ్మత్తులో, రెండు వరుసల రివెట్లు బరువు మోయవలసిన చోట ఒక్క వరుసే మోసింది. ఏడేళ్ళ తరువాత అక్కడే గోడ తెగింది, తోక రెక్క ఊడింది, నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఖాళీ అయ్యాయి. పైలట్లు అరగంట పైగా పోరాడారు. గాలిలో ఎంత పోరాడినా, ఏడేళ్ళ కిందట షెడ్డులో వదిలేసిన పని అక్కడ పూర్తి కాదు.

ఈ మాట దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు వైపు పోతే ఇబ్రహీంపట్నం దారిలో ఆదిబట్ల ఉంది. అక్కడ టాటా, బోయింగ్ కలిసి నడిపే కర్మాగారంలో 737 విమానాలకు తోక మీద నిలువుగా నిలబడే రెక్క తయారవుతుంది. రేపు మీలో ఎవరో అక్కడ పనికి చేరవచ్చు. మీరు బిగించే రివెట్ మీద మీకు ఎన్నడూ కనబడని ఒక తల్లి, ఒక పసిబిడ్డ కూర్చుని ప్రయాణం చేస్తారు. సూపర్‌వైజర్ చూడని రివెట్‌ను కూడా సరిగా బిగించడమే ఆరాధన అని నా అభిప్రాయం. ఆదివారం చేతులెత్తి పాడే పాట దానికి బదులు కాదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. కొత్త బండి కొన్నా, పాత బండి కొన్నా మన వాళ్ళు మందిరం ముందు నిలబెట్టి "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అంటారు. పొరుగువారు నిమ్మకాయలు కడతారు, గుమ్మడికాయ కొడతారు. మన వాళ్ళు అద్దానికి సిలువ వేలాడదీస్తారు. ఎవరి నమ్మకం వారిది, నాకు ఆక్షేపణ లేదు. కానీ నిమ్మకాయ కట్టిన బండికీ, సిలువ కట్టిన బండికీ బ్రేకు ఆయిల్ ఒకే తీరుగా పాడవుతుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటాయి. మనలో ఎంతమంది మార్చాం? డబ్బాలో ఆయిల్ తగ్గితే పోసి మూత పెట్టడమే గాని, ఎక్కడ కారుతున్నదో వంగి చూసేవారు ఎంతమంది?

ఇరవై మంది పిల్లలను ఎక్కించుకుని బడికి పోయే ఆటో మన ఊళ్ళ నుంచే పోతున్నది. పెళ్ళికి ఎల్బీ నగర్ దాకా నిండుగా పోయే బండి మన సంఘపు వారిదే. ఆ బండిలో కో పైలట్ లేడు. నిలబెట్టి ఉంచిన ఫైరింజన్లు లేవు. రెండు గంటలు గాలిలో తిరిగే వీలు అసలే లేదు. చౌటుప్పల్ దాటాక బ్రేకు పోతే చేతిలో ఉండేవి కొన్ని సెకన్లే. విమానానికి గాలిలో దొరికే ఆ రెండు గంటలు మనకు ఇంటి దగ్గరే, బండి ఆగి ఉన్నప్పుడే దొరుకుతాయి. అక్కడ వాడుకోకపోతే రోడ్డు మీద మళ్ళీ దొరకవు.

కాబట్టి సంఘాలకు, తోటి సేవకులకు నా మనవి ఇది. బండికి ప్రార్థన అడిగినప్పుడు ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారు? చక్రాల లోపలి వైపు తడి ఉందా? హ్యాండ్ బ్రేకు పట్టుకుంటుందా? ప్రతి సంఘంలో ఒక మెకానిక్ ఉంటాడు. అతన్ని పిలిచి పావుగంట చూడమందాం. అతనికి కూలి ఇద్దాం, ఊరికే చేయించుకోవద్దు. ఆ తరువాత బానెట్ మీద చేయి వేసి హృదయపూర్వకంగా ప్రార్థన చేద్దాం. నడిపే తమ్ముళ్ళకు ఒక మాట. పెడల్ మెత్తగా తగిలిన రోజే బండి ఆపండి. ఓనరు తిడతాడని దాచవద్దు. ఓనర్లూ, నిజం చెప్పిన డ్రైవరును తిట్టవద్దు. తిడితే రేపటి నుంచి వాడు చెప్పడు. ఒకవేళ దారిలోనే బ్రేకు పోతే కంగారుగా స్టీరింగ్ తిప్పవద్దు. పెడల్ పదేపదే పంపు చేస్తూ, గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు మెల్లగా పైకి లాగుతూ, లైట్లు, హారన్‌తో ఎదుటివారికి తెలియజేస్తూ ఎడమకు తీయండి.

ఇలా అడిగితే విశ్వాసం తగ్గిందని కొందరు అంటారు. అననివ్వండి. తనను కాపాడమని దేవుణ్ణి అడిగేవాడు తాను కాపాడవలసినవారిని మరిచిపోకూడదు. వెనక సీట్లో కూర్చున్న ఆ పిల్లలు కూడా ఎవరో ఒకరి ప్రార్థనే. ఆ ప్రార్థనకు జవాబుగా ఉండే అవకాశం ఈ వారం మీ చేతికి వచ్చింది. వంగి ఒక్కసారి చక్రం లోపలికి చూడండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆయన ఇచ్చిన కళ్ళను, చేతులను మీరు మెలకువగా వాడుదురు గాక. ఆమేన్.